పాఠకుల ప్రశ్నలు: ఆరా తీసిన కొద్దీ పెరిగే కథలు

ప్రశ్న: రాత్రి పడుకోబోయే ముందు మా అమ్మాయికి రోజుకొక మంచి కథ, అదీ నిజంగా జరిగినది, చెప్పాలని నియమం పెట్టుకున్నాను. ఫోనుకు వచ్చే సందేశాల్లో అలాంటివి కొల్లలుగా ఉంటున్నాయి గానీ, ఆరా తీస్తే సగం కట్టుకథలని తేలుతోంది. మనసుకు ధైర్యమిచ్చే నిజమైన కథలను ఎక్కడ వెతకాలి?

జవాబు: మీరు ఆరా తీస్తున్నారు కాబట్టి సగం దారి వచ్చేసినట్టే. కట్టుకథ ఆరా తీసిన కొద్దీ చిక్కిపోతుంది, నిజమైన కథ ఆరా తీసిన కొద్దీ ఒళ్లు చేస్తుంది. నేను ఇన్నేళ్లుగా నమ్ముకున్న గుర్తు ఇదొక్కటే.

మందుల దుకాణంలో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లాన్నే తీసుకోండి. ఒక వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితో వేలమంది కలరా రోగులను బతికించాడని సందేశాల్లో రెండు వాక్యాలు తిరుగుతుంటాయి. అందులో అబద్ధం లేదు, అయితే అసలు కథ కూడా లేదు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ నిండిపోయింది, వారిలో కలరా చెలరేగింది. అక్కడి చిన్న ఆసుపత్రిలో పడకలు చాలక రోగులు నేల మీదే పడి ఉండటంతో, సెలైన్ ఎక్కించాలంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్, ఆయన సిబ్బంది వాంతులు, విరేచనాల మధ్య మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చింది. కొద్ది రోజులకు సెలైన్ కూడా నిండుకుంది. అప్పుడాయన నోటితో తాగించే ద్రావణాన్నే నమ్ముకోవాలని నిశ్చయించుకున్నారు. గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కొలత ప్రకారం తూచి, ప్లాస్టిక్ సంచుల్లో పోసి, వేడితో అంచులు అతికించి కలకత్తా నుంచి తెప్పించారు. పీపాల్లో కలిపిన ఆ నీటిని పట్టి తెచ్చి, గుక్క గుక్కగా తాగించిన వారిలో రోగుల అయినవాళ్లే ఎందరో ఉన్నారు. ఆ శిబిరంలో దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగివచ్చాయి.

ఇంకాస్త తవ్వితే కథలోకి మరికొందరు వస్తారు. పేగు గోడ గుండా గ్లూకోజు లోపలికి వెళ్లేటప్పుడు సోడియంను వెంటబెట్టుకుని వెళుతుందని 1960లో రాబర్ట్ క్రేన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఆ రెండింటి వెనుకే నీరు కూడా వెళుతుంది. ఉత్త ఉప్పునీరు తాగిస్తే నిలవని ప్రాణం గ్లూకోజు తోడైతే నిలవడానికి కారణం అదే. 1968లో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే యువ వైద్యులు ఢాకాలో దానిని రోగుల మీద నిరూపించారు. ఇంత తెలిశాక మహలనబిస్ గారి మీద గౌరవం రవ్వంత తగ్గకపోగా, ఆసుపత్రి వార్డులో పనిచేసిన పద్ధతిని పీపాల దగ్గరికి, చదువు రాని బంధువుల చేతికి సైతం నమ్మకంగా అప్పగించిన ఆయన తెగువ ఎంత పెద్దదో అర్థమవుతుంది. మీ అమ్మాయికి ఆ బంధువుల సంగతి తప్పక చెప్పండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే.

ఎక్కడ వెతకాలన్నది మీ ప్రశ్న. పనిలో స్వయంగా పాల్గొన్నవారు రాసుకున్న జ్ఞాపకాలు, ఆనాటి నివేదికలు, గ్రంథాలయంలో దుమ్ముపట్టిన శాస్త్రవేత్తల జీవిత చరిత్రలు చదవండి. పేరు, చోటు, సంవత్సరం లేని కథను నిర్మొహమాటంగా పక్కన పెట్టండి.

ప్రశ్న: చరిత్రలో, విజ్ఞానంలో సరే, రోజువారీ జీవితంలో అంత ఆశ్చర్యపరిచేది ఏముంటుంది?

జవాబు: ఈసారి లిఫ్టు ఎక్కినప్పుడు మీట పక్కనున్న, చూపులేనివారు వేలితో చదువుకునే ఉబ్బెత్తు చుక్కలను కళ్లు మూసుకుని వేలితో తడిమి చూడండి. లూయీ బ్రెయిల్ మూడేళ్ల పసివాడుగా ఉన్నప్పుడు తండ్రి తోలుపని చేసే చోట ఆరె గుచ్చుకుని ఒక కన్ను దెబ్బతిన్నది, ఆ దోషం రెండో కంటికీ పాకి చూపు పూర్తిగా పోయింది. షార్ల్ బార్బియే రూపొందించిన 12 చుక్కల లిపి వేలికొన కింద ఒక్క స్పర్శలో ఇమడటం లేదని గ్రహించి, 1824 నాటికి, అంటే 15 ఏళ్లకే, దానిని ఆరు చుక్కలకు కుదించాడు. తోటి విద్యార్థులు ఆ లిపిని అందిపుచ్చుకున్నారు గానీ, ఆయన చదివి, పాఠాలు చెప్పిన పాఠశాల దానిని అధికారికంగా స్వీకరించింది 1854లో. అప్పటికి ఆయన మరణించి రెండేళ్లయింది.

ప్రశ్న: పిల్లలకు చెప్పేటప్పుడు ఇలాంటి కథల్లోని దుఃఖాన్ని, పొరపాట్లను తీసేయవచ్చా?

జవాబు: దయచేసి తీసేయకండి. మశూచి అంతమైన కథను చూడండి. ఆ వ్యాధి సహజంగా సోకిన చివరి మనిషి అలీ మావ్ మాలిన్, సోమాలియాలోని మెర్కా ఆసుపత్రిలో వంటవాడు. ఇక్కడ ‘సహజంగా’ అన్న మాటను వదిలేయకూడదు, ఎందుకంటే మరుసటి ఏడాది బర్మింగ్‌హామ్‌లో ప్రయోగశాలతో ముడిపడిన మశూచి సోకి ఒక మహిళ మరణించారు. 1977 అక్టోబరులో ఇద్దరు రోగులను తీసుకెళుతున్న వాహనానికి దారి చూపడానికి మాలిన్ ఎక్కారు. కొద్ది నిమిషాల ప్రయాణమే గానీ, సూది నొప్పికి భయపడి అంతకుముందు టీకా తప్పించుకున్న మనిషి కావడంతో జబ్బు అంటుకుంది. ఆయన కోలుకున్నారు, ఆయన నుంచి మరెవరికీ సోకలేదు, 1980 మే నెలలో ప్రపంచం నుంచి మశూచి తొలగిపోయినట్టు ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించింది.

చాలా కథనాలు అక్కడితో ఆగిపోతాయి. మాలిన్ మాత్రం ఆ తర్వాత పోలియో టీకాల పనిలో చేరి, పిల్లలకు టీకా వేయించడానికి వెనుకాడే తల్లిదండ్రులకు తాను భయపడి చేసిన పొరపాటు గురించే చెబుతూ వచ్చారు. 2013లో సోమాలియాలో పోలియో మళ్లీ తలెత్తినప్పుడు ఆయన ఆ పనిలోనే ఉన్నారు, ఆ ఏడాదే మలేరియాతో కన్నుమూశారు.