డాక్టర్ సలహా: స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే పాపకు ఇన్సులిన్ మానేయవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 13 ఏళ్లు. రెండేళ్ల క్రితం వాంతులై, ఆయాసం వచ్చి స్పృహ తప్పితే కాకినాడ తీసుకెళ్లాం. షుగరు 480 ఉంది, టైప్-1 అన్నారు. అప్పటి నుంచి రోజుకు నాలుగు సూదులు. ఎంత జాగ్రత్తగా వేస్తున్నా ఒక్కోసారి 60కి పడిపోతుంది, ఒక్కోసారి 350 దాటుతుంది. నొప్పి తెలియదని తను ఎప్పుడూ తొడ మీద ఒకే చోట వేసుకుంటుంది. గత నెల భీమవరంలో ఒక కల్యాణ మండపంలో క్యాంపు పెట్టారు. బొడ్డుతాడు నుంచి తీసిన స్టెమ్ సెల్స్ మూడుసార్లు సెలైన్‌లో ఎక్కిస్తారట. ఆరు నెలల్లో ఇన్సులిన్ మానేయవచ్చట. ప్యాకేజీ ఆరున్నర లక్షలు. 15 ఏళ్లుగా టైప్-2 షుగరు ఉన్న మా అమ్మకు కూడా అదే ఎక్కిస్తామని, ఇద్దరికీ కలిపి చేయిస్తే రేటు తగ్గిస్తామని అన్నారు. విదేశాల్లో ఈ వైద్యంతో షుగరు పోయిందని ఫోన్లో వార్తలు చూపించారు. ఇరవై వేలు అడ్వాన్సు కట్టాను. మిగతా దానికి అయిదు కుంచాల కొబ్బరి తోట బేరం పెట్టాను. చేయించమంటారా?
- ఓ తండ్రి, కోనసీమ

సమాధానం: చేయించవద్దండి. తోట బేరం ఇవాళే ఆపేయండి. అంతకన్నా ముఖ్యం, ఎవరు ఏం చెప్పినా పాపకు ఇన్సులిన్ ఒక్క పూట కూడా ఆపకండి.

మీకు చూపించిన వార్తలు అబద్ధం కాదు. అందుకే ఈ వ్యాపారం నడుస్తోంది. జరిగిన సంగతి ఒకటి, మీకు అమ్ముతున్నది మరొకటి. ఆ తేడా మీకు తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన కడుపులో క్లోమం అనే గ్రంథి ఉంటుంది. అందులో బీటా కణాలు ఇన్సులిన్ తయారు చేస్తాయి. టైప్-1లో ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరపాటున ఆ కణాలను శత్రువులుగా భావించి చంపేస్తుంది. మీ పాప మిఠాయిలు తిన్నందుకో, మీరు చూసుకోనందుకో వచ్చిన జబ్బు కాదిది. ఆ కణాలు మళ్లీ ఇవ్వగలిగితే సూదులు ఆపవచ్చు కదా అన్న ఆలోచన చాలా పాతది. 2000లో కెనడాలోని ఎడ్మంటన్ వైద్యులు, చనిపోయిన దాతల క్లోమం నుంచి ఆ కణాలను వేరుచేసి ఏడుగురు రోగుల కాలేయంలోకి పంపారు. ఏడుగురూ ఇన్సులిన్ మానేయగలిగారు. కానీ ఒక్కో రోగికి ఇద్దరు ముగ్గురు దాతలు కావలసి వచ్చింది. అంతమంది దాతలు ఎక్కడ దొరుకుతారు? అందుకే శాస్త్రవేత్తలు వేరే రకం కణాలుగా మారగల మూలకణాల వైపు, అంటే స్టెమ్ సెల్స్ వైపు తిరిగారు. ప్రయోగశాలలో వారాల తరబడి ఒక్కో దశా దాటించి, మూలకణాన్ని ఇన్సులిన్ చేసే కణంగా మార్చడం నేర్చుకున్నారు.

ఆ పని ఇప్పుడు ఫలితాలిస్తోంది. అమెరికాకు చెందిన వెర్టెక్స్ కంపెనీ అలా తయారుచేసిన కణాలను టైప్-1 ఉన్నవాళ్లకు కాలేయానికి వెళ్లే రక్తనాళం ద్వారా ఎక్కించింది. 2025 జూన్‌లో వచ్చిన నివేదిక ప్రకారం పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ అవసరం లేకుండా ఉన్నారు. చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. ఇన్నేళ్లుగా టైప్-1 పిల్లల్ని చూస్తున్న ఏ డాక్టరుకైనా అలాగే ఉంటుంది. అయితే ఆ పరిశోధనలో చేరినవాళ్లంతా పెద్దవాళ్లు. షుగరు పడిపోతున్నా ముందుగా తెలియక ప్రాణాపాయం దాకా వెళ్లినవాళ్లు. బయటి కణాలను ఒళ్లు చంపేయకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాళ్లు రోజూ వేసుకోవాలి. ఆ పరిశోధనలో ఇద్దరు చనిపోయారు. వారిలో ఒకరిని తీసుకెళ్లింది మెదడు పొరలకు సోకిన ఫంగస్ జబ్బు. ఇన్ఫెక్షన్లను తట్టుకునే శక్తిని మందులతో తగ్గించినప్పుడు ఎదురయ్యే ప్రమాదం అది.

చైనాలోని తియాన్‌జిన్‌లో 25 ఏళ్ల అమ్మాయికి ఆమె సొంత కణాలనే మార్చి కడుపు కండరం పొర కింద పెట్టారు. రెండున్నర నెలలకు సూదులు ఆగాయి. బహుశా మీకు చూపించింది ఆ వార్తే అయి ఉంటుంది. ఆమెకు అంతకుముందే కాలేయ మార్పిడి జరిగింది, రోగనిరోధక శక్తిని అణిచే మందులు అప్పటికే వాడుతోంది. ఆ సంగతి క్యాంపులో ఎవరూ చెప్పి ఉండరు. మీరు వరి చేలు చూసినవారే కాబట్టి ఒక్క మాట. సుడిదోమ పట్టిన చేలో దోమను వదిలేసి మళ్లీ నారు నాటితే ఏమవుతుంది? టైప్-1లో కొత్త కణాలకూ అదే గతి. అణిచే మందులు లేకుండా కణాలను బతికించే దారి కోసం ఇప్పుడు గట్టిగా వెతుకుతున్నారు. స్వీడన్‌లోని ఉప్సలాలో దాత నుంచి తీసిన కణాల జన్యువులను మార్చి ఒక రోగి ముంజేతి కండరంలో పెట్టారు. ఆ మందులు ఇవ్వకపోయినా కణాలు బతికాయి, కొద్దిగా ఇన్సులిన్ కూడా చేశాయి. ఒక్క మనిషి, కొద్దిపాటి ఇన్సులిన్. ఆయన సూదులు మానలేదు.

ఇక భీమవరం క్యాంపులో అమ్ముతున్నది చూద్దాం. బొడ్డుతాడు నుంచి తీసేవి సాధారణంగా వేరే రకం మూలకణాలు. ఇలాంటి చోట్ల వాటిని బీటా కణాలుగా మార్చకుండానే ఎక్కిస్తారు, చేతి నరంలోకి ఎక్కిస్తే వాటంతట అవి మారిపోవు. పైగా సెలైన్‌లో ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం ముందుగా ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల్లో చిక్కుకుంటాయి. క్లోమం దాకా చేరేవి చాలా తక్కువ. కొన్నాళ్లు వాపును తగ్గించే గుణం వీటికి ఉండవచ్చని పరిశోధనలు నడుస్తున్న మాట నిజమే. అంతేకానీ 'ఆరు నెలల్లో ఇన్సులిన్ బంద్' అని ఎవరూ రుజువు చేయలేదు. జ్వరం, అలర్జీ, రక్తం గడ్డకట్టడం, సరిగా శుభ్రత పాటించని ల్యాబ్ నుంచి వచ్చే ఇన్ఫెక్షన్ లాంటి ప్రమాదాలు మాత్రం నిజం.

మీ ఉత్తరంలో నాకు బాగా కోపం తెప్పించిన మాట, మీ అమ్మగారికి కూడా అదే ఎక్కిస్తామనడం. టైప్-1, టైప్-2 పేరుకే దాయాదులు. మీ పాపకు ఇన్సులిన్ తయారీ దాదాపు ఆగిపోయింది. మీ అమ్మగారికి తయారవుతున్న ఇన్సులిన్ ఒంటికి పట్టడం లేదు, ఏళ్లు గడిచేకొద్దీ తయారీ కూడా తగ్గుతుంది. రెండు వేర్వేరు జబ్బులకు ఒకే సీసా పట్టుకొచ్చి, ఇద్దరైతే రేటు తగ్గిస్తామని బేరమాడేవాళ్లు చేస్తున్నది వైద్యం కాదు.

ఇంకో కిటుకు కూడా ఉంది, తల్లిదండ్రులందరూ గుర్తుంచుకోండి. టైప్-1 బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టాక, మిగిలిన కొద్ది బీటా కణాలు కాస్త తేరుకుంటాయి. కొన్ని నెలలపాటు మోతాదు బాగా తగ్గిపోతుంది. దీన్ని మేము హనీమూన్ దశ అంటాం. ఏ వైద్యం చేయకపోయినా చాలామంది పిల్లల్లో అది వస్తుంది, పోతుంది. సరిగ్గా ఆ నెలల్లో సెలైన్ ఎక్కించి, 'చూశారా, మోతాదు సగమైంది' అని వీడియో తీస్తే నమ్మనివాళ్లు ఎవరు? ఆ వీడియోలోని పిల్లాడు ఏడాది తర్వాత ఎలా ఉన్నాడో మీకు చూపించరు.

చట్టం మాట. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడినే వైద్యంగా ఒప్పుకున్నారు. మిగతావన్నీ పరిశోధనగా మాత్రమే చేయాలి. దానికి ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే సంఘం, అనుమతి ఉండాలి, జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, రోగి దగ్గర ఆ ప్రయోగానికి డబ్బు తీసుకోకూడదు. ఆరున్నర లక్షల ప్యాకేజీ అన్నారంటేనే అది పరిశోధన కాదని తేలిపోయింది. షుగరు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం కూడా 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం.

ఇన్సులిన్ విషయంలో నేను ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు మీ పాప వయసులో ఈ జబ్బు వస్తే ఏడాదో రెండేళ్లో, అంతే. రెండేళ్ల క్రితం కాకినాడలో మీ పాపను మీ చేతికి తిరిగి ఇచ్చింది ఆ మందే. టైప్-1లో ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుని మళ్లీ అదే స్థితికి వస్తుంది. సెలైన్ పనిచేస్తుందేమో చూద్దామని సూది ఆపిన పిల్లలు అలా ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

ఇప్పుడు మీ అసలు కష్టానికి వద్దాం. ఒకసారి 60, ఒకసారి 350. కారణం మీ ఉత్తరంలోనే ఉందని నా అనుమానం. 'నొప్పి తెలియదని ఒకే చోట వేసుకుంటుంది' అని రాశారు. ఈ రాత్రి వాళ్లమ్మగారిని పాప తొడ మీద ఆ చోట వేళ్లతో మెల్లగా నొక్కి చూడమనండి. చర్మం కింద మెత్తగానో, రబ్బరులాగానో ఉబ్బు తగిలిందంటే కొవ్వు గడ్డకట్టినట్టు. అక్కడ నొప్పి తెలియదు, పిల్లలకు అందుకే ఆ చోటు ఇష్టం. కానీ ఆ గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒక రోజు సగం కూడా రక్తంలోకి వెళ్లదు, ఇంకో రోజు ఒక్కసారిగా వెళ్తుంది. ఇక నుంచి పొట్ట కుడి, ఎడమ, రెండు తొడలు మార్చి మార్చి వేయండి, ప్రతి సూదికీ వేలి వెడల్పు జరపండి. గడ్డ మీద నెలల తరబడి వేయవద్దు. ఒక హెచ్చరిక: కొత్త చోట మందు పూర్తిగా ఒంటికి పడుతుంది కాబట్టి పాత మోతాదే వేస్తే షుగరు పడిపోవచ్చు. అందుకని మార్చేముందు మీ డాక్టరుకు ఫోను చేసి మోతాదు ఎంత తగ్గించాలో అడగండి. ఆ వారం రోజులు భోజనానికి ముందు, పడుకునే ముందు, ఒకసారి తెల్లవారుజామున మూడింటికి కూడా చూడండి. 70 లోపుంటే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్కూలు సంచిలో గ్లూకోజు పొట్లం ఎప్పుడూ ఉండాలి, క్లాసు టీచరుకు విషయం తెలిసి ఉండాలి.

తోట అమ్మకుండానే మీ చేతిలో ఉన్నదానితో పాపకు మేలు చేయవచ్చు. రెండు వారాలు చేతికి అతికించుకునే గ్లూకోజు సెన్సరు ఒక్కసారి పెట్టించినా ఏ పూట ఏం జరుగుతోందో కనబడుతుంది. అన్నం మాన్పించి ఎదిగే పిల్లను ఎండబెట్టకండి. ఎంత తింటే ఎంత ఇన్సులిన్ అన్న లెక్క నేర్పించమని డాక్టరునో, డైటీషియన్‌నో అడగండి. అది వస్తే పండగ పూట పూతరేకు కూడా తినవచ్చు. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ బియ్యం షుగరును చాలా రకాల కన్నా నెమ్మదిగా పెంచుతుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పరీక్షల్లో తేలింది. ఇంట్లో అదే వండుకుంటుంటే మంచిదే, కొలత మాత్రం తప్పదు.

మీది లంక ఊళ్లకు దగ్గర. జులై, ఆగస్టుల్లో వరదొచ్చి కరెంటు పోతే ఇన్సులిన్ సంగతేమిటని ముందే చూసుకోండి. వర్షాలు మొదలయ్యేసరికి నెలకు సరిపడా అదనంగా తెచ్చిపెట్టుకోండి. ఫ్రిజ్ పనిచేయనప్పుడు సీసాలను ప్లాస్టిక్ కవరులో చుట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడన పెట్టండి. వాడుతున్న సీసా ఎండ తగలకుండా ఉంటే నాలుగు వారాల దాకా బయట ఉండవచ్చు. డీప్ ఫ్రీజర్లో పెట్టి గడ్డకట్టించినది మాత్రం పారేయాల్సిందే.

మీ అమ్మగారికి వేరే దారి. ఈ వయసులో అయినా మాత్రలు సరిచూడటం, బీపీ అదుపు, ఏడాదికోసారి కంటి వెనక రెటీనా పరీక్ష, మూత్రంలో ప్రొటీను, రోజూ పాదాలు చూసుకోవడం. వీటితోనే చాలా ప్రమాదాలు తప్పుతాయి. టైప్-2 కొత్తగా వచ్చి బరువు ఎక్కువగా ఉన్న పాఠకులకు ఒక మంచి మాట కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 2017లో ఫలితాలు వెలువడిన ఒక పరిశోధనలో, జబ్బు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు డాక్టర్ల పర్యవేక్షణలో గట్టిగా బరువు తగ్గితే, ఏడాదికి దాదాపు సగం మందికి మందుల అవసరం లేకుండా షుగరు అదుపులోకి వచ్చింది. దానికి ఏ కణాలూ ఎక్కించలేదు.

పాప మిమ్మల్ని సూదులు ఎప్పుడు ఆగుతాయని అడిగే ఉంటుంది. అబద్ధం చెప్పకండి. దారి దొరికింది, అది పిల్లల దాకా రావడానికి ఇంకా సమయం పడుతుంది, అప్పటికి నీ కళ్లు, కిడ్నీలు, నరాలు బాగుంటేనే ఆ వైద్యం నీకు పూర్తిగా ఉపయోగపడుతుంది అని చెప్పండి. 13 ఏళ్ల పిల్ల, అర్థం చేసుకుంటుంది.

అడ్వాన్సు విషయం. వైద్యం వద్దనుకుంటున్నామని, కట్టిన ఇరవై వేలు తిరిగి ఇవ్వమని కాగితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదు, కరపత్రం, ఫోన్లో వచ్చిన సందేశాలు దాచండి. వాళ్లు మాట్లాడకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. క్యాంపు జరిగిన జిల్లా వైద్యాధికారికి, డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు ఆ కరపత్రం నకలు జతచేసి ఫిర్యాదు పంపండి. ఆ మండపానికి మీలాగే వచ్చిన తండ్రులు ఇంకా ఉంటారు. వాళ్లలో ఎవరి ఫోను నంబరైనా మీ దగ్గర ఉంటే ముందు వాళ్లకు ఫోను చేయండి.