స్కోరు తగ్గింది సరే.. అమ్మాయి స్కూల్‌కు వెళ్తోందా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. ప్రతిదానికీ టెన్షన్ పడుతోందని ‘స్కేర్డ్’ అనే 41 ప్రశ్నల ప్రశ్నావళి నింపించాం. 34 వచ్చింది. అవే ప్రశ్నలకు తల్లిగా నేను జవాబిస్తే 14 వచ్చింది. నెల తర్వాత తన స్కోరు 27కి తగ్గింది. ఎవరి స్కోరు నమ్మాలి? జబ్బు తగ్గుతున్నట్టేనా? ఈమధ్య కడుపునొప్పి అంటూ వారానికి రెండు మూడు రోజులు స్కూల్ మానేస్తోంది. మరీ కంగారుపడిన రాత్రి మా అత్తగారి నిద్రమాత్ర సగం ఇస్తున్నాను.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, నన్ను కలవరపెట్టింది స్కోరు కాదు, మీరు చివర్లో రాసిన రెండు మాటలు.

ముందు నిద్రమాత్ర సంగతి. పేరు రాయలేదు. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటిదైతే అది అలవాటయ్యే మందు. ఆ రాత్రికి దడ తగ్గుతుంది, మర్నాడు మత్తుగా ఉండి చదివింది బుర్రకెక్కదు. కొన్నాళ్లకు మాత్ర లేనిదే నిద్ర పట్టదన్న భయం తోడవుతుంది. అత్తగారి వయసు, ఆరోగ్యం చూసి రాసిన మందును పిల్లకు ఎలా ఇచ్చారు? అప్పుడప్పుడూ ఇచ్చి ఉంటే ఇక ఇవ్వకండి. వారాల తరబడి దాదాపు రోజూ ఇచ్చి ఉంటే మాత్రం ఉన్నట్టుండి ఆపకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్ సలహాతో మోతాదు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇంట్లో మాత్రలన్నీ తాళం వేసి పెట్టండి.

ఇక స్కోరు తగ్గడం. స్కూల్‌కు వెళ్లకపోతే స్కూల్ భయం ఆ పూటకు తగ్గుతుంది. మాత్ర వేస్తే దడా తగ్గుతుంది. ఈ రెండూ జరుగుతున్న నెలలో 34 కాస్తా 27 అయితే దాన్ని మెరుగుదల అనుకోలేను. తప్పించుకున్న కొద్దీ లోపలి భయం బలపడుతుంది. పైగా ఈ ప్రశ్నావళిలో 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నిపుణులకు చూపించాలంటాం. మీ అమ్మాయి రెండుసార్లూ ఆ గీత దాటింది. ఇది జబ్బును నిర్ధారించదు, ఎవరిని లోతుగా పరీక్షించాలో చెబుతుంది, అంతే.

మీ 14, తన 34 రెండూ నిజమే కావచ్చు. మీకు కనిపించేది మీరు రాశారు, లోపల జరిగేది తను రాసింది. ఈ వయసులో ఇంత తేడా మామూలే. మీది తక్కువ వచ్చిందని తనది అతి అనుకోవద్దు. తను నింపుతున్నప్పుడు పక్కన కూర్చోకండి, జవాబులు మారిపోతాయి. మొత్తం కంటే విడివిడి జవాబులు చూడండి. స్కూల్లో కడుపునొప్పి, తలనొప్పి వస్తాయా, వెళ్లాలంటే భయమా అని అడిగే ప్రశ్నలు నాలుగున్నాయి. వాటికి కలిపి 3 వచ్చినా స్కూల్ భయాన్ని గట్టిగా పట్టించుకోవాలి. అక్కడ ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఏదైనా సబ్జెక్ట్ అర్థం కావడం లేదా, నిదానంగా అడగండి.

ఆత్మహత్య ఆలోచనల గురించి ఈ ప్రశ్నావళి అడగదు. మీరే నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఉన్నాయని చెబితే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పిల్లల మానసిక వైద్యులకు ఈ వారంలోనే చూపించండి. ఆలస్యమయ్యే కొద్దీ తిరిగి స్కూల్‌కు పంపడం కష్టమవుతుంది. థైరాయిడ్, రక్తహీనత ఉన్నా దడ వస్తుంది కాబట్టి ఆ పరీక్షలు అవసరం కావచ్చు. ఆస్తమా ఇన్‌హేలర్, ఎనర్జీ డ్రింక్స్ వల్ల కూడా దడ రావచ్చు, వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి. చాలామందికి మొదట సీబీటీ అనే మాటల చికిత్సే ఇస్తాం, స్కూల్‌కు కొంచెం కొంచెంగా అలవాటు చేస్తాం. మందు కావాలో వద్దో చూసిన డాక్టరే నిర్ణయించాలి, ఉత్తరం చదివి నేను చెప్పలేను. నింపిన కాగితాలన్నీ, ఏ రాత్రుల్లో మాత్ర ఇచ్చారో తేదీలతో సహా రాసి, వెంట తీసుకెళ్లండి.