విరాళం ఇవ్వండి సార్, ఫొటో మాత్రం వద్దు

ప్రశ్న: హన్మకొండలో ఉంటాను. రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్‌ని. వచ్చే నెల మా శ్రీమతి సంవత్సరీకం. ఆమె పేరు మీద, లైంగిక దాడికి గురైన ఆడపిల్లలకు అండగా ఉండే ఓ స్వచ్ఛంద సంస్థకు రెండు లక్షలు ఇద్దామనుకుంటున్నాను. నగదు ఇచ్చినా రసీదు రాస్తామన్నారు. చిన్న సభ పెట్టి ఆ పిల్లల చేతికే ఇచ్చి ఫొటో దిగితే, డబ్బు ఎవరికి చేరిందో తెలిసిన తృప్తి ఉంటుంది. ఇందులో సగం, మా చుట్టాల ఊళ్లో కేసు నడుస్తున్న ఒక అమ్మాయికి నేరుగా ఇవ్వొచ్చా? పన్ను రాయితీ ఎంత వస్తుంది? అమెరికాలో ఉన్న మా అబ్బాయి కూడా కొంత పంపుతానంటున్నాడు.

జవాబు: సార్, ముందు ఆ సభ సంగతి తేల్చుకుందాం. మిగతావన్నీ సరిదిద్దుకోవచ్చు, అదొక్కటి జరిగాక వెనక్కి తీసుకోలేం.

లైంగిక దాడి బాధితురాలి పేరుగానీ, ఆమె ఎవరో తెలిసిపోయే వివరంగానీ ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఇదివరకు ఐపీసీలో 228-ఎ అనేవాళ్లం. ఆమె మైనరైతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టాలు కూడా తోడవుతాయి. ముఖం బ్లర్ చేయిస్తాం కదా అంటారేమో. 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది పేరొక్కదాని గురించే కాదు, మనిషిని ఆనవాలు పట్టించే ఏ చిన్న విషయమూ బయటికి రాకూడదని. పరకాల వైపు ఊరు, తండ్రి ఆటో నడుపుతాడు, పిల్ల పదో తరగతి అని పేపర్లో పడితే చాలు, ఆ మండలంలో ఎవరికీ పేరు చెప్పనక్కర్లేదు. వాట్సాప్ గ్రూపులో పెడితే ప్రచురణ కిందికి రాదులే అన్న ధీమా కూడా వద్దు.

మేజరైన మహిళ తనంతట తాను రాతపూర్వకంగా ఒప్పుకుంటే చట్టం అడ్డురాదు. కానీ వేదిక మీద మీరు చెక్కు పట్టుకుని నిలబడ్డప్పుడు ఆమె 'వద్దు' అనగలదా, మీరే చెప్పండి. నన్నడిగితే, పిల్లలను వరుసగా నిలబెట్టి ఫొటోకు ఒప్పుకునే సంస్థకు అసలు రూపాయి కూడా ఇవ్వొద్దు. సభ పెట్టుకోండి, మేడమ్ గారి ఫొటోకు దండ వేసి సంస్థ కార్యదర్శికి చెక్కు ఇవ్వండి. తృప్తి కోసం లెక్కలు అడగండి: ఆడిట్ రిపోర్టు, కౌన్సెలర్ల జీతాలకు ఎంత, కోర్టు వాయిదాలకు వచ్చే కుటుంబాల బస్సు చార్జీలకు ఎంత. మంచి సంస్థ ఇవి చూపించడానికి నొచ్చుకోదు. సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్ పత్రం, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో వాళ్ల నంబరు చూడండి. పిల్లలను అక్కడే ఉంచుకుంటుంటే జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఆ హోమ్ నమోదై ఉండాలి. అది లేకుండా నడపడమే నేరం.

ఇక ఆ అమ్మాయికి నేరుగా ఇవ్వడం. ఇవ్వకూడదని ఏ చట్టమూ అనదు. కానీ ఆమె సాక్ష్యం ఇంకా పూర్తి కాలేదనుకోండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముద్దాయి వకీలు మొదట అడిగేది "ఫలానా సార్ దగ్గర లక్ష ముట్టింది నిజమా కాదా?" అనే. తర్వాతి ప్రశ్న "ఆ డబ్బు కోసమే ఇట్ల చెప్తున్నవు కదా?" మీరు దయతో ఇచ్చిన లక్ష వాళ్ల చేతిలో ఆయుధం అవుతుంది. అందుకని కేసు తేలేదాకా ఆగండి, లేదా ఆమెకు రావలసినవి ఇప్పించే పని చూడండి. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెడితే పరిహారం వస్తుంది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) 2018 పథకంలో అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుంచి 7 లక్షల దాకా ఉంది. మైనరైతే పోక్సో కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించగలదు. వైద్యానికి ఎంజీఎం లాంటి సర్కారు దవాఖానా అయినా ప్రైవేటు ఆస్పత్రి అయినా పైసా తీసుకోకూడదు. ఇవేవీ తెలియక అప్పు చేసే కుటుంబాలను కోర్టు వరండాలో చూస్తూనే ఉంటాం. దరఖాస్తు రాసిపెట్టి, వాళ్లను బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికో భరోసా కేంద్రానికో పంపితే అది మీ లక్షకు తక్కువేం కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

నగదు మాట మర్చిపోండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవాళ్లకే అంత మొత్తం పెనాల్టీ పడొచ్చు. మీకైతే 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి 80జి రాయితీ, అంటే విరాళాలకిచ్చే ఆదాయపు పన్ను రాయితీ, రాదు. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబరు మారినా జనం నోట్లో ఇంకా 80జియే ఉంది, నేనూ అదే అంటాను.

రాయితీ మీద మీరు పెట్టుకున్న ఆశ కూడా కాస్త తగ్గించాలి. రెండు లక్షలిస్తే పన్ను పడే ఆదాయంలో లక్ష తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఇలాంటి సంస్థలకు ఇచ్చేదాంట్లో, మీ ఆదాయంలో పదో వంతు వరకే లెక్కలోకి వస్తుంది, మళ్లీ అందులో సగమే తగ్గుతుంది. మిగతా మినహాయింపులు పోను మీ పెన్షన్ 6 లక్షలనుకుంటే లెక్కలోకి వచ్చేది 60,000, పన్ను పడే ఆదాయంలో తగ్గేది 30,000. అదీ మీరు పాత పన్ను పద్ధతిలో ఉంటేనే. కొత్త పద్ధతిలో 80జి లేదు. అయితే 12 లక్షల దాకా మామూలు ఆదాయానికి ఎటూ పన్ను పడదు కాబట్టి, ఈ రాయితీ కోసం పాత పద్ధతికి పోతే మీకే నష్టం. అయినా సంస్థ దగ్గర 80జి అనుమతి ఉందో లేదో అడగండి. పాన్ నంబరుతో పక్కా రసీదు తీసుకోండి.

మీ అబ్బాయి విషయం పాస్‌పోర్టు మీద ఆధారపడి ఉంటుంది. హెచ్1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉండి ఇండియా పౌరుడిగానే ఉంటే, సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే మాత్రం, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. అప్పుడు సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద కేంద్ర హోంశాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో వాళ్లకున్న ప్రత్యేక ఖాతాకే చేరాలి. ముందు మీ ఖాతాలో వేయించుకుని అటు దాటిద్దామనే ఉపాయం ఎవరైనా చెప్తే వినకండి. సంస్థకు ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే మీ అబ్బాయి డబ్బు ఆపేసి, మీ రెండు లక్షల చెక్కు వరకే ఇవ్వండి.