లైసెన్సు లేదని కేసు పెడితే?

ప్రశ్న: మా తమ్ముడు తిరుచానూరులో ఒకరి ఇంటికి వైరింగ్ చేశాడు. రావాల్సిన 40 వేలు అడిగితే, లైసెన్సు లేకుండా మోసం చేశాడని ఇంటాయన స్టేషన్‌లో ఫిర్యాదిచ్చాడు. నోటీసు వచ్చింది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అది బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద పోలీసులు హాజరు కమ్మని ఇచ్చే నోటీసైతే చెప్పిన రోజు వెళ్లాల్సిందేనమ్మా. ఎగ్గొడితే అదే అరెస్టుకు దారి తీస్తుంది. ముందు లాయరుకు చూపించండి.

చేసిన పని ఏమిటన్నదే అసలు ప్రశ్న. 250 వోల్టుల లోపు ఫ్యాన్లు, స్విచ్చులు, ఫ్యూజులు ఉన్నవాటి స్థానంలో మారిస్తే లైసెన్సు అక్కర్లేదు. కొత్త వైరింగ్, అదనపు పాయింట్లు అలా కాదు. లైసెన్సున్న కాంట్రాక్టరు, పర్యవేక్షించే సూపర్‌వైజరు, పర్మిట్ ఉన్న వైర్‌మన్ కావాలి. మీవాడు అలాంటి కాంట్రాక్టరు కింద చేసుంటే ఆయన లైసెన్సు కాపీ, కూలి ఇచ్చిన లెక్క, వైరింగ్ టెస్ట్ రిపోర్టుపై ఉన్న సంతకం చూపాలి.

మోసం ఆరోపణ వేరే సంగతి. మొదటినుంచే వంచించే ఉద్దేశం ఉందని, లైసెన్సుందని నమ్మబలికాడని వాళ్లు నిరూపించాలి. అందుకే వాట్సాప్ సందేశాలు చెరపొద్దు. డబ్బు అడిగాకే ఫిర్యాదు పుట్టిందని ఆ తేదీలే చెబుతాయి. సామాను బిల్లులు, ఫోన్‌పే వివరాలు కూడా తీసిపెట్టండి.

తెలిసిన కాంట్రాక్టరు చేత ఇప్పుడు పాత తేదీ వేయించి సంతకం పెట్టించే తెలివి మాత్రం వద్దు. తప్పుడు పత్రం కేసు అదనంగా మెడకు చుట్టుకుంటుంది.

బాకీకి పని ముగిసిన 3 ఏళ్లలోపు సివిల్ దావా వేయాలి. లైసెన్సు వాదన అక్కడా లేస్తుంది.