నిజం చెప్తే సైకిల్ పోదని బిడ్డకు తెలియాలి

ప్రశ్న: మేడమ్, మేము హనుమకొండలో వడ్డేపల్లి వైపు ఉంటాం. మా పాపకు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. స్కూల్ సుబేదారి దగ్గర, ఇంటి నుంచి రెండున్నర కిలోమీటర్లు. ఆటోలో పంపిస్తున్నాం. ఈ ఏడాది బడి తెరిచినప్పటి నుంచి సైకిల్ మీద పోతానని ఒకటే పట్టు. మా ఆయనది కాజీపేట రైల్వేలో షిఫ్టు డ్యూటీ. "ఇంకో మూడేళ్లు ఆగు, ఇంటర్‌లో స్కూటీ కొనిస్తా" అంటాడు. "పెద్దమనిషైన పిల్లకు సైకిలేంది" అని మా అత్తమ్మ. ట్యూషన్‌కని చెప్పి స్నేహితురాలి సైకిల్ మీద మెయిన్ రోడ్డంతా తిరుగుతోందని పోయిన వారం తెలిసింది. కోపం ఆపుకోలేక చెంప మీద కొట్టాను. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. నా భయానికి కారణం ఉంది. మాది పరకాల దగ్గర పల్లె. హైస్కూల్‌కు నాలుగు కిలోమీటర్లు నడిచిపోయేదాన్ని. తొమ్మిదిలో ఉండగా ఒకడు రోజూ వెంటపడుతున్నాడని ఇంట్లో చెప్పాను. మర్నాటి నుంచే మా బాపు నన్ను బడి మాన్పించాడు. ఈ సంగతి పాపకు ఎప్పుడూ చెప్పలేదు. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: మీ ఉత్తరంలో చివరి నాలుగు వాక్యాలు చాలాసార్లు చదివానమ్మా. వెంటపడ్డవాడు ఊళ్లోనే తిరిగాడు, బడి పోయింది మీకు. నోరు మూసుకుని ఉంటే కనీసం పది పాసయ్యేదాన్నని మీకు ఎన్నిసార్లు అనిపించిందో నేను ఊహించగలను. మీ భయం ఉత్తది కాదు. అయితే ఆ రోజు మీకు దెబ్బ ఎక్కడ తగిలిందో ఒక్కసారి నింపాదిగా చూడండి. రోడ్డు మీద జరిగినదానికంటే ఇంట్లో చెప్పాక జరిగినదే మీ చదువును ఆపింది.

నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలు దారిలో ఎవడో ఏదో అన్నాడనే సంగతి నెలలు గడిచాక బయటపెడతారు. "ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా" అని అడిగితే దాదాపు అందరిదీ ఒకే జవాబు: చెప్తే బయటికి పంపరు. మీ పాపకు మీ కథ తెలియకపోయినా ఆ పాఠం మాత్రం వచ్చేసింది. అందుకే ట్యూషన్ పేరు చెప్పింది. అబద్ధమాడటం తప్పే, కాదనను. కానీ ఈ అబద్ధాన్ని సైకిల్ కోసం చేసిన మొండితనంగా చూసి వదిలేస్తే, రేపు నిజంగా చెప్పాల్సిన మాట వచ్చినప్పుడు కూడా ఆ పిల్ల నోరు విప్పదు. నాకు సైకిల్ కంటే దీని గురించే ఎక్కువ బాధ.

ముందు ఆ చెంపదెబ్బ సంగతి తేల్చుకోండి. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, "కొట్టడం నాది తప్పు" అని చెప్పండి. దాని వెనకే "కానీ నువ్వు కూడా..." అని తగిలించకండి. అబద్ధం గురించి మర్నాడు మాట్లాడవచ్చు. ఆ తర్వాత మీ బడి ఎలా పోయిందో చెప్పండి. పదమూడేళ్ల పిల్ల ఇది అర్థం చేసుకుంటుంది, చాలామంది తల్లులు అనుకునేదానికంటే బాగానే అర్థం చేసుకుంటుంది. అమ్మకు రోడ్డంటే ఎందుకు భయమో తెలిస్తే, తన మీద నమ్మకం లేక ఆపుతోందన్న కోపం కొంతైనా దిగుతుంది.

అప్పుడు ఆమెకు ఒక మాట ఇవ్వండి: "దారిలో ఎవడేమన్నా నాకు చెప్పు. చెప్పినందుకు నీ సైకిల్ ఆపను." ఈ మాట మీ ఆయన కూడా మీ ముందే ఇవ్వాలి. రేపు నిజంగానే ఎవడో వెంటపడ్డాడని ఆమె వచ్చి చెప్తే, మీ గుండె ఎంత కొట్టుకున్నా మాట తప్పకూడదు. నాలుగు రోజులు మీరు వెంట వెళ్లండి, బయలుదేరే టైమ్ మార్చండి, తోడుగా ఇంకో పిల్లను చూడండి, ఆడపిల్లల భద్రత చూసే పోలీసుల షీ టీమ్స్‌కు చెప్పండి. 100కు ఫోన్ చేయవచ్చు, పిల్లల కోసం 1098 ఉంది. షీ టీమ్స్ వాళ్లు ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టరు. మీ కాలంలో పల్లెలో ఇవేవీ లేవు, మీ బాపుకు తోచింది ఒక్కటే. ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు. మీకు మాత్రం ఇప్పుడు వేరే దారులున్నాయి.

ఇక స్కూటీ. మీ ఆయన ప్రేమతోనే అంటున్నారని తెలుసు, కానీ ఆ లెక్కను నేను ఒప్పుకోను. పదహారేళ్లకు చట్టం ఇచ్చేది 50 సీసీ లోపు, గేర్లు లేని బండికే లైసెన్సు. ఇప్పుడు షోరూముల్లో అమ్మే పెట్రోల్ స్కూటీలు 50 సీసీ దాటినవే, వాటికి పద్దెనిమిది నిండాలి. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక, మైనర్ లైసెన్సు లేకుండా బండి నడిపి పట్టుబడితే చాలు, ప్రమాదం జరగకపోయినా తల్లిదండ్రులకో, బండి ఎవరి పేరున ఉందో వాళ్లకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఇది ఒక ఎత్తు. ఇంకొకటి చాలామంది ఆలోచించరు. మన దగ్గర పిల్లలు టెన్త్ దాకా ఆటోలోనో వ్యాన్‌లోనో వెనక కూర్చుని పోతారు, ఇంటర్‌కు రాగానే నేరుగా బండి హ్యాండిల్ పట్టుకుంటారు. వెనక వచ్చే బస్సు హారన్ ఎంత దూరంలో ఉందో, పక్కన ఆగిన ఆటో ఎప్పుడు కదులుతుందో, కారు డోరు ఎప్పుడు తెరుచుకుంటుందో ఇదంతా నలభై, యాభై స్పీడులో నేర్చుకోవాల్సి వస్తుంది. అదే సైకిల్ మీద గంటకు పది, పన్నెండు కిలోమీటర్ల వేగంలో నేర్చుకుంటే పొరపాటు జరిగినా చాలాసార్లు మోకాలి చర్మం లేవడంతో పోతుంది. మీ పాప స్కూటీ ఎక్కే రోజు క్షేమంగా ఉండాలంటే ఇప్పుడు సైకిల్ తొక్కాలి.

అయితే అన్ని దారులకూ నేను సరే అనను. ములుగు రోడ్డు మీద ఇసుక లారీల మధ్య నుంచి పోవాల్సి వస్తే నేనే వద్దనేదాన్ని. మీ దారిలో చాలా భాగం కాలనీ గల్లీల గుండా పోవచ్చు, కాజీపేట రోడ్డు మీద కొంత దూరం, ఒకచోట దాటడం తప్పదు. అసలు జాగ్రత్త అక్కడే కావాలి.

మొదటి రెండు ఆదివారాలు పొద్దున్నే ఆమె సైకిల్ మీద, మీరో మీ ఆయనో బండి మీద వెనకాల వెళ్లండి. మీరు ముందుండొద్దు. ఎక్కడ స్లో చేస్తుందో, మలుపులో వెనక్కి తిరిగి చూస్తుందో లేదో, రాంగ్ రూట్‌లో దూరుతుందేమో అన్నీ వెనక నుంచే తెలుస్తాయి. ఆగిన బస్సుకు ఎడమ సందులోంచి దూరకూడదని గట్టిగా చెప్పండి. డ్రైవర్‌కు ఆ పక్క సైకిల్ కనపడదు. మెయిన్ రోడ్డు దాటేచోట దిగి, సైకిల్ నడిపించుకుంటూ దాటాలి. స్నేహితురాళ్లు నవ్వినా సరే దిగాల్సిందే. కుక్కలు వెంటపడితే ఇంకా జోరుగా తొక్కకుండా, దిగి సైకిల్‌ను అడ్డం పెట్టుకుని కదలకుండా నిలబడమనండి. దారిలో పంక్చర్ షాపాయన, కిరాణా కొట్టు అక్క, మూలమీద ఇస్త్రీ చేసే అతను, వీళ్లందరికీ పాపను ఒకసారి చూపించి రండి. చెయిన్ ఊడినా, మనసుకు బెదురు కలిగినా ఆగడానికి ఒక తెలిసిన మొహం ఉంటుంది.

ఆ తర్వాత వారం బడి రోజుల్లోనే, రద్దీ టైమ్‌లో వెంట వెళ్లండి. ఆపైన సగం దారి వరకే వెళ్లి ఆగిపోండి. మీ టెన్షన్ ఇంట్లో కూర్చుని తగ్గేది కాదు. ఆమె ఆ క్రాసింగ్ దగ్గర దిగి, రెండు వైపులా చూసి, దాటడం మీ కళ్లతో పదిసార్లు చూస్తే తగ్గుతుంది.

వాన పడిన రోజు మాత్రం ఆటోనే. 2020లో, మళ్లీ 2023లో మన కాలనీలు ఎలా మునిగాయో మీరూ చూశారు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో పెద్దవాళ్లకే తెలియదు.

మీ అత్తమ్మగారి మాటకు వస్తే, పెద్దమనిషైతే సైకిల్ తొక్కకూడదన్నది వైద్యం చెప్పే మాట కాదు. సైకిల్ వల్ల ఆడపిల్ల ఒంటికి చెడు ఏమీ లేదు. నెలసరి నొప్పి ఎక్కువున్న రోజు ఆటోలో పోనివ్వండి, అంతే. నలుగురూ ఏమంటారోననే బెంగ ఆవిడకు ఇంకా ఉంటే బీహార్ సంగతి చెప్పండి. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీస్తే ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగింది. బడి దూరంగా ఉన్న పల్లెల్లోనే ఎక్కువ మేలు జరిగింది. మీ ఊరి లాంటి పల్లెలే అవి. మీ అత్తమ్మతో మీరు వాదనకు దిగకండి. "నాయనమ్మా, గేటు దాకా రా" అని పాపనే పిలవమనండి. రోజూ గేటు దగ్గర నిలబడి సాగనంపే మనిషి పది రోజుల్లో ఆ సైకిల్‌కు కాపలా మనిషి అవుతుంది. ఇది చాలా ఇళ్లలో చూశాను.

సైకిల్ కొనేటప్పుడు పాపను వెంట తీసుకెళ్లండి. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లూ నేలకు తగలాలి. ఎత్తు పెరుగుతుంది కదా అని పెద్ద సైకిల్ కొనకండి. గేర్లు అక్కర్లేదు. రెండు బ్రేకులూ పట్టి చూడండి, బెల్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్, చెయిన్‌కు నిండా కవర్ ఉండాలి. చున్నీ చక్రంలో పడకుండా ముడి వేసుకోవడం షాపు దగ్గరే నేర్పండి. బ్యాగు భుజానికి వద్దు, క్యారియర్ మీద కట్టుకోమనండి. హెల్మెట్ కూడా అదే రోజు కొనండి, రంగు ఆమెనే ఎంచుకోనివ్వండి.