పిల్లల్ని ఆడించడానికి డిగ్రీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతోంది. నీట్ లాంగ్ టర్మ్ వద్దు, పిల్లల ఎదుగుదల గురించి చదువుతానంటోంది. పిల్లల్ని ఆడించడానికి డిగ్రీ ఎందుకని బంధువులు అంటుంటే టెన్షన్‌గా ఉంది. అసలు అందులో ఏం నేర్పుతారు?

జవాబు: మీ అమ్మాయి మంచి చదువే ఎంచుకుందమ్మా. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి టీనేజీ దాకా శరీరం, మాట, ఆలోచన, భావోద్వేగాలు ఎలా ఎదుగుతాయో మానవ వికాసం అనే ఈ సబ్జెక్టులో చదువుతారు. పోషకాహారం, కుటుంబ సంబంధాలూ ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా నేర్చుకునేది గమనించడం. నర్సరీ పిల్లల మధ్య కూర్చుని, చూసింది చూసినట్టు రాయాలి. ‘బాబు మొండివాడు’ అని రాస్తే కుదరదు. ‘పక్కపిల్లాడు బొమ్మ లాక్కోగానే కింద పడి ఏడ్చాడు, టీచర్ పక్కన కూర్చోబెట్టుకున్నాక ఊరుకున్నాడు’ అని రాయాలి. పిల్లల మీద ముద్ర వేయడం మాని కారణం వెతకడం అలా అలవాటవుతుంది.

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే చేసిన ప్రయోగం ఒకటుంది. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాంట్లోవి సన్నటి పొడవాటి గ్లాసులోకి ఒంపుతారు. నాలుగేళ్ల పాప సాధారణంగా పొడవు గ్లాసులోనే ఎక్కువున్నాయంటుంది. ఏడెనిమిదేళ్లకు చాలామంది రెండూ సమానమే అంటారు. నాలుగేళ్ల పాపకు తెలివి తక్కువని కాదు, ఆ వయసు ఆలోచనే అంత. ఎల్‌కేజీకే ట్యూషన్ పెట్టించే మన ఊళ్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతైనా అవసరమని నా గట్టి నమ్మకం. ఏడాది దాటినా పిలిస్తే పలకని పిల్లను ‘నిదానంగా వస్తుందిలే’ అని వదిలేయకుండా, వెంటనే వినికిడి పరీక్ష చేయించమని చెప్పేదీ ఇలాంటివాళ్లే.

గుంటూరులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కమ్యూనిటీ సైన్స్ (పాత పేరు హోంసైన్స్) కాలేజీ ఉంది. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్‌లో మానవ వికాసం ఒక భాగం మాత్రమే, పూర్తిగా అదే చదవాలంటే పీజీ చేయాలి. ఆ తర్వాత ప్రీస్కూళ్లు, స్వచ్ఛంద సంస్థలు, అంగన్‌వాడీలు నడిపే, 1975లో మొదలైన ఐసీడీఎస్ పథకంలో సూపర్‌వైజర్ పోస్టులు ఉంటాయి. హోంసైన్స్‌లో అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాసి అధ్యాపకురాలు కావచ్చు. ప్రీస్కూళ్లలో మొదట్లో జీతం తక్కువే, ప్రభుత్వ పోస్టులకు నోటిఫికేషన్ కోసం ఎదురుచూడాలి. క్లినికల్ సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలంటే మాత్రం ఈ డిగ్రీ చాలదు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ కావాలి.

దరఖాస్తుకు ముందు అమ్మాయిని తీసుకుని ఒకసారి ఆ కాలేజీకి వెళ్లి రండి. పిల్లల దగ్గర ప్రాక్టికల్స్ వారానికి ఎన్ని గంటలు, ఏ ఏడాది నుంచి ఉంటాయో కనుక్కోండి. ఆ ప్రశ్నలు అమ్మాయినే అడగనివ్వండి.