లాభం ఉంది, బట్వాడాకి డబ్బుల్లేవు

ప్రశ్న: కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాం. ఏటా లెక్కల్లో లాభమే వస్తోంది. జూన్ వచ్చేసరికి మాత్రం శనివారం కూలీల బట్వాడాకి అప్పు చెయ్యాల్సి వస్తోంది. క్యాష్ ఫ్లో అంచనా వేసుకు రమ్మని బ్యాంకు వాళ్లన్నారు. ఎలా వెయ్యాలి?

జవాబు: మీ లాభం గోదాంలో బస్తాల్లో ఉంది. వేసవిలో కొన్న జీడిపిక్కల డబ్బు అప్పుడే చెయ్యి దాటిపోతుంది. లాభనష్టాల లెక్కలో అది పప్పు అమ్మాకే ఖర్చుగా పడుతుంది.

మార్చిలోనే కూర్చుని ఏప్రిల్ నుంచి 12 నెలలకు గళ్లు గియ్యండి. నెల మొదటి నగదు నిల్వకి వచ్చే డబ్బు కలిపి, పోయే డబ్బు తీసేస్తే నెలాఖరు నిల్వ. పై నెలకి అదే మొదటి నిల్వ. పిక్కలు, కూలి, కరెంటు, లారీ కిరాయి, జీఎస్టీతో పాటు ఇంటి వాడకానికి తీసేదీ రాయాలి. టర్మ్ లోను కిస్తీ అసలుతో సహా వెయ్యాలి. యంత్రాల తరుగుదల వెయ్యకూడదు, అది చేతిలోంచి పోయే డబ్బు కాదు.

ఎక్కువమంది దెబ్బతినేది వసూళ్ల దగ్గర. బిల్లు వేసిన నెలలోనే డబ్బు వచ్చినట్టు రాసేస్తారు. 30 రోజుల అరువన్న వ్యాపారి నిరుడు ఎన్నాళ్లకిచ్చాడో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి. 50 రోజులైతే 50 రోజులే వెయ్యండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న తయారీదారుకి, ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకుండా చెల్లించాలని చట్టం ఉంది. గట్టిగా అడగడానికి అది పనికొస్తుంది, అంచనాలో రాసుకోవడానికి కాదు.

ఉదాహరణకి ఏప్రిల్ మొదట్లో నిల్వ 4 లక్షలు. వసూళ్లు 6, పిక్కలకి 7, మిగతా ఖర్చులు 2 అనుకుంటే నెలాఖరుకి 1 లక్ష. మేలో వసూళ్లు 5, పిక్కలు 6, ఖర్చులు 2: మైనస్ 2. జూన్‌లో వసూళ్లు 3, పిక్కలు 3, ఖర్చులు 2: మైనస్ 4. మీకు కావలసింది అన్నిటికంటే ఎక్కువ లోటు చూపే ఈ అంకె. వసూళ్లన్నీ 15 రోజులు ఆలస్యంగా వస్తాయనుకుని మళ్లీ లెక్కెయ్యండి. లోటు 5 లక్షలు దాటితే సీసీ లిమిట్ (అవసరమైనప్పుడు వాడుకునేలా బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు పరిమితి) ఆ మేరకు మార్చిలోనే అడగండి. జూన్‌లో అడిగితే మంజూరయ్యేలోపు నాలుగు బట్వాడాలు దాటిపోతాయి.

దసరా, దీపావళి వసూళ్లు వచ్చాక కూడా డిసెంబరుకి మైనస్ తీరలేదంటే అది సీజను లోటు కాదు. అరువు ఎక్కువైంది, లేదా కిలో మీద మిగిలేది తగ్గింది. అప్పుడు లిమిట్ పెంచుకుంటే వడ్డీ పెరుగుతుంది తప్ప లోటు పూడదు.

నెలాఖరు నిల్వ ప్లస్‌లో ఉన్నా నెల మధ్యలో ఖాళీ కావచ్చు. అందుకే మే నుంచి 13 వారాలకి విడిగా వారం లెక్క పెట్టి, శనివారాల బట్వాడా, 20వ తేదీ జీఎస్టీ, కిస్తీ తేదీ ఏ వారంలో పడతాయో చూసుకోండి. ప్రతి సోమవారం గడిచిన వారానికి అసలు అంకె పక్కన రాయండి.